తాళం చెవి లాక్కోవచ్చునని ఏ సెక్షన్ చెప్పింది?

సూళ్లూరుపేట దాటి తూర్పుకు తిరిగితే శ్రీహరికోట రోడ్డు సుమారు 18 కిలోమీటర్లు సాగుతుంది. రెండువైపులా పులికాట్ నీళ్లు, నడుమ ఒకే దారి. మామూలు రోజుల్లో ఆ దారిన తిరిగేవి షార్ ఉద్యోగుల బస్సులు, మత్స్యకారుల మోపెడ్లు, సరుకుల ఆటోలు. ప్రయోగం ఉన్ననాడు మాత్రం చెన్నై నుండి, నెల్లూరు నుండి, తిరుపతి నుండి వాహనాలు బారులు తీరుతాయి. 2023 జూలై 14న చంద్రయాన్-3 ఎగిరింది ఇక్కడి నుండే. 2025 జనవరి 29న నూరవ ప్రయోగం జరిగిందీ ఇక్కడే. అటువంటి రోజున ఎవరు ఆగాలి, ఎవరు సాగాలి, ఎవరు వెనుదిరగాలి అన్నది తేల్చేది రోడ్డు నడుమ నిలబడిన పోలీసు చెయ్యి. ఆ చెయ్యి లేకపోతే అంబులెన్సు కూడా కదలదు. ఈ మాటను మొదటే చెబుతున్నాము. ఎందుకంటే ఇకముందు మేము రాయబోయేదాన్ని పోలీసు వ్యతిరేక రచనగా చదవడానికి సిద్ధంగా ఉన్నవారు కొందరున్నారు.

మా ప్రశ్న ఆ చేతికి ఉన్న అధికారం గురించి కాదు, లేని అధికారం గురించి.

ఈ దారిమీద సామాన్యుడికి ఎదురయ్యే యూనిఫారాలు ఒకటి కాదు. అంతరిక్ష కేంద్రానికి కాపలా కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానిది. రోడ్డు మీది రాకపోకలు జిల్లా పోలీసులవి. లైసెన్సులు, పర్మిట్లు, ఫిట్‌నెస్‌లు రవాణాశాఖవి. ఈ ముగ్గురి అధికారాలూ మూడు వేర్వేరు మూలాల నుండి వచ్చినవే. భద్రతా దళానికి 1968 నాటి సొంత చట్టం ఉంది. తాను కాపాడే ఆస్తికి ముప్పు తెచ్చేవాణ్ణి వారంటు లేకుండా పట్టుకోవచ్చు, సోదా చేయవచ్చు. పట్టుకున్నాక అనవసరమైన జాప్యం లేకుండా పోలీసులకు అప్పగించాలి. హెల్మెట్ లేదని జరిమానా వేయడం ఆ దళం పని కాదు. రాకెట్టు కేంద్రం రక్షణ జిల్లా పోలీసు చలానా పుస్తకంలోకి రాదు. కానీ రోడ్డు మీద ఆగిన ఆటోవాడికి ఖాకీలన్నీ ఒకటే. వాడికి ఆ తేడా ఎవరూ చెప్పలేదు. చెప్పకపోవడం వల్ల లాభపడేది ఎవరో విడమరచి చెప్పనవసరం లేదు.

1988 నాటి మోటారు వాహనాల చట్టంలో ట్రాఫిక్ పోలీసు అనే ప్రత్యేక జాతి లేదు. ‘యూనిఫారంలో ఉన్న పోలీసు అధికారి’ అని ఉంది. ‘ఆ సమయానికి రాకపోకలను క్రమబద్ధం చేసే పనిలో ఉన్న పోలీసు అధికారి’ అని ఉంది. సెక్షన్ 119 ప్రకారం అలాంటి అధికారి ఇచ్చే ఆదేశాన్ని ప్రతి డ్రైవరూ పాటించాలి. ఆగమంటే ఆగాలి, పక్కకు తిరగమంటే తిరగాలి. పాటించకపోతే సెక్షన్ 179 కింద రెండు వేల రూపాయల వరకు జరిమానా. ఇది న్యాయమైన నిబంధన. ఇందులో మాకు ఏ తగవూ లేదు. అయితే ‘అయ్యా, ఏ సెక్షన్ కింద?’ అని అడగడం ఆజ్ఞోల్లంఘన కాదు. ఆగిన తరువాత అడిగే ప్రశ్న ఆగకపోవడం ఎలా అవుతుంది?

లైసెన్సు చూపమని అడిగే అధికారం సెక్షన్ 130 ఇచ్చింది. అడిగేవాడు యూనిఫారంలో ఉండాలి. చూపవలసినవాడు చూపాలి. కాగితమే కానక్కరలేదు, డిజీలాకర్‌లో ఉన్న ప్రతి చాలు. ఆ క్షణాన దగ్గర లేకపోతే, ధ్రువీకరించిన నకళ్లను 15 రోజులలోగా స్వయంగా గాని రిజిస్టర్డ్ పోస్టులో గాని అందజేయవచ్చునని కేంద్ర మోటారు వాహనాల నియమావళి 139వ నియమం చెబుతోంది. ఈ 15 రోజుల సంగతి ఎంతమంది డ్రైవర్లకు తెలుసు? మాకు తారసపడినవారిలో ఒక్కరికీ తెలియదు. ‘కాగితాలు లేవు, బండి ఇక్కడే’ అన్న మాట మాత్రం అందరికీ తెలుసు.

చలానా విషయం ఇంకా విచిత్రం. అది తీర్పు కాదు. సెక్షన్ 200 కింద కొన్ని నేరాలను రాజీ చేసుకునే వీలుంది. రాష్ట్ర ప్రభుత్వం గెజిట్ నోటిఫికేషన్‌లో పేర్కొన్న అధికారి, అందులో పేర్కొన్న మొత్తాన్ని తీసుకొని వ్యవహారం ముగించవచ్చు. దాని పేరే రాజీ రుసుము. రాజీకి ఇద్దరు కావాలి. తప్పు చేయలేదనుకునేవాడు రాజీకి ఒప్పుకోకుండా కోర్టుకు వెళ్లవచ్చు. నోటిఫికేషన్‌లో లేని అధికారి ఏ దుస్తుల్లో ఉన్నా ఆ రుసుము తీసుకోలేడు, ఉన్న అధికారి కూడా రసీదు లేకుండా తీసుకోలేడు. రసీదు లేని డబ్బుకు భాషలో వేరే పేరుంది.

ఇక అసలు చోటికి వద్దాం. రోడ్డు మీద ఆటోను ఆపగానే మొదట జరిగే పనేమిటి? ఒక చెయ్యి లోపలికి వచ్చి తాళం చెవి లాగేసుకుంటుంది. కేంద్ర చట్టంలోని రెండు వందల పైచిలుకు సెక్షన్లను ఎంత వెదికినా తాళం చెవి లాక్కునే అధికారం కనిపించదు. పత్రాలను స్వాధీనం చేసుకోవడానికి సెక్షన్ 206 ఉంది. పత్రం దొంగదని నమ్మడానికి కారణముంటే, లేదా నేరం మోపబడిన డ్రైవరు పరారవుతాడని, సమన్లకు దొరకడని నమ్మడానికి కారణముంటే తీసుకోవచ్చు. 2019 సవరణ తరువాత అతివేగం, ప్రమాదకరమైన డ్రైవింగ్, తాగి నడపడం, హెల్మెట్ లేకపోవడం వంటి కొన్ని నేరాలకు కూడా లైసెన్సు తీసుకొని లైసెన్సింగు అధికారికి పంపవచ్చు. కానీ లైసెన్సు తీసుకున్నప్పుడు తాత్కాలిక రసీదు ఇవ్వాలి. జేబులో వేసుకొని ‘సాయంత్రం వచ్చి కలువు’ అనడం ఏ ఉపసెక్షన్‌లోనూ లేదు.

వాహనాన్ని నిలిపివేయడానికి సెక్షన్ 207 ఉంది. అందులో కారణాలను ఏరి రాశారు. లైసెన్సు లేకుండా లేదా వయసు చాలకుండా నడపడం, రిజిస్ట్రేషన్ లేకపోవడం, పర్మిట్ లేకపోవడం, పర్మిట్‌లోని కొన్ని ముఖ్య షరతులను మీరడం. పాత చలానాలు బాకీ ఉన్నాయన్నది ఆ వరుసలో లేదు. హెల్మెట్ లేదన్నది లేదు. ఎదురు మాట్లాడాడన్నది అంతకన్నా లేదు. 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు తాగి నడిపిన కేసులలో సైతం వాహనాన్ని జప్తు చేసే అధికారం పోలీసులకు లేదని తేల్చింది. తాగినవాణ్ణి నడపనీయకూడదు, కానీ మత్తులో లేని మరొకరికి బండి అప్పగించాలి, ఎవరూ లేకపోతే దగ్గరివారిని పిలిపించాలి, అదీ కుదరకపోతే తాత్కాలికంగా స్టేషనుకు చేర్చి పత్రాలు చూసి విడిచిపెట్టాలి. తాగి బండెక్కేవాడి మీద మాకు ఇసుమంత సానుభూతి లేదు. అయినా ఆ తీర్పును ఎత్తి చూపుతున్నాము. అంతటి దోషికే చట్టం ఇంత గీత గీస్తే, ఇండికేటర్ పగిలిన ఆటోవాడి బండిని మూడు రోజులు స్టేషను ఆవరణలో ఎండబెట్టడానికి ఆధారమేమిటి? తెలంగాణ తీర్పు మన రాష్ట్రాన్ని కట్టడి చేయదనవచ్చు. కానీ అక్కడ చదివిందీ ఇక్కడ అమలయ్యేదీ ఒకే కేంద్ర చట్టం.

ఆటో అంటే అద్దె, డీజిలు, ఫైనాన్సు వాయిదా. మూడు రోజులు బండి నిలిస్తే మూడు రోజుల పొయ్యి నిలుస్తుంది. రాయలసీమ పట్టణాలలో ఆటో స్టాండుల వద్ద, మెకానిక్ షెడ్లలో, తోపుడు బండ్ల వెనుక నిలబడినవారిలో మనవాళ్లు ఎంతమందో లెక్కలు తీయనక్కరలేదు, కళ్లుంటే చాలు. చదువులు, ఉద్యోగాలు దూరమైన సమాజానికి మిగిలేది రోడ్డే. రోడ్డు మీద అధికారం హద్దు దాటితే ఆ దెబ్బ అందరికన్నా ముందు రోడ్డు మీద బ్రతికేవాడికి తగులుతుంది. అందుకే ఈ పత్రిక ట్రాఫిక్ చట్టం గురించి రాస్తోంది.

అరెస్టు అధికారానికీ గీత ఉంది. సెక్షన్ 202 ప్రకారం యూనిఫారంలో ఉన్న అధికారి తన కళ్లెదుట ప్రమాదకరంగా నడిపినవాణ్ణి, తాగి నడిపినవాణ్ణి, వాహనాన్ని అనుమతి లేకుండా తీసుకుపోయినవాణ్ణి వారంటు లేకుండా పట్టుకోవచ్చు. తాగినందుకు పట్టుకుంటే రెండు గంటలలోగా వైద్య పరీక్ష జరగాలి, లేకపోతే విడిచిపెట్టాలి. నేరం చేసి పేరు, చిరునామా చెప్పనన్నవాణ్ణి కూడా అరెస్టు చేయవచ్చు. కొట్టే అధికారం మాత్రం ఎవరికీ ఏ సెక్షన్ కిందా లేదు. చెంపదెబ్బ రాజీ రుసుము కాదు. అది భారతీయ న్యాయ సంహిత 115వ సెక్షన్ కిందికి వచ్చే నేరం, కొట్టినవాడు ఎవరైనా.

ఇంతవరకు చెప్పినవన్నీ హిందువుకూ ముస్లింకూ ఒకటే కదా, ఇందులో మైనారిటీ సమస్య ఎక్కడిది అని అడిగేవారుంటారు. అడగవలసిన ప్రశ్నే. చట్టం అక్షరాలలో తేడా లేదు. తేడా పుట్టేది అక్షరాలకు బయట, అధికారి విచక్షణ అనే చోట. వంద వాహనాలు పోతుంటే ఏ పదింటిని ఆపాలన్నది ఏ సెక్షనూ చెప్పదు. గడ్డం, టోపీ, బురఖాలో వెనుక కూర్చున్న స్త్రీ, అద్దం మీద చంద్రవంక. చెయ్యి లేవడానికి ఇవే కారణాలయ్యాయని ఎవరూ కాగితం మీద రాయరు. లైసెన్సు మీది పేరు చదివిన తరువాత ‘మీరు’ ‘నువ్వు’గా మారిందని ఏ రికార్డూ చూపదు. ఆపినవారి వివరాలను సమాజాలవారీగా నమోదు చేసే పద్ధతి మనకు లేదు. నిరూపించలేని వివక్ష ఉన్నట్టు కాదని వాదించడం ఎంత సులువో చూడండి. ఇంగ్లండులో పోలీసులు ఆపి సోదా చేసిన ప్రతివారి జాతినీ నమోదు చేస్తారు, ప్రభుత్వం ఆ లెక్కలను ఏటా ప్రచురిస్తుంది. నల్లజాతివారిని ఎన్నో రెట్లు ఎక్కువగా ఆపుతున్నారని అక్కడి ప్రభుత్వమే ఒప్పుకోవలసి వచ్చింది ఆ లెక్కల వల్లనే.

విచక్షణ ఎంతదూరం పోగలదో సత్తెనపల్లి చెబుతుంది. 2020 ఏప్రిల్ 20న, లాక్‌డౌన్ అమలులో ఉండగా, మందుల కోసం బయటికి వచ్చిన ఒక ముస్లిం యువకుణ్ణి చెక్‌పోస్టు వద్ద ఆపారు. అతడు అక్కడే కుప్పకూలి ఆనాడే ప్రాణం విడిచాడు. పోలీసులు కొట్టారని కుటుంబం అన్నది. అతడికి ముందే గుండె జబ్బు ఉందని అధికారులు అన్నారు. ఎస్సైని సస్పెండు చేశారు. ఢిల్లీ మర్కజ్ పేరు చెప్పి ముస్లింలందరినీ వ్యాధి మోసేవారిగా చూసిన రోజులవి. ఆ చెక్‌పోస్టులో మతం పాత్ర వహించిందని మేము అనడం లేదు. అనడానికి మా వద్ద రుజువు లేదు. మందుల చీటీతో వచ్చిన మనిషిని ఆపినప్పుడు అడగవలసింది మాటలతో అని మాత్రం అంటున్నాము. మూడు నెలలు తిరగకముందే, అదే ఏడాది జూలైలో, చీరాలలో మాస్కు లేదని ఆపిన ఒక దళిత యువకుడు కొద్ది రోజులకు ఆసుపత్రిలో చనిపోయాడు. అక్కడా కొట్టారని కుటుంబం, జీపులో నుండి దూకాడని పోలీసులు. అక్కడా ఎస్సై సస్పెన్షన్. మాస్కు జరిమానా ఎంతో అందరికీ గుర్తుండే ఉంటుంది. ఏ పట్టికలోనూ దాని మొత్తం ఒక ప్రాణం అని లేదు.

మరుసటి ఏడాది మే నెలలో హైదరాబాదు పాతబస్తీలో సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను రోడ్డు మీద ఆపి మాస్కు తీయమన్నారు. ఆయన తీయనన్నారు, అయినా ఫొటో తీసుకున్నారు. ఆ ఫొటో ఏమైంది, ముఖాలను గుర్తించే యంత్రంలోకి ఎక్కిందా, ఏ చట్టం కింద ఎక్కింది అని ఆయన నగర పోలీసు కమిషనరుకు నోటీసు పంపారు. జవాబు లేక హైకోర్టుకు వెళ్లారు. 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. మనవాళ్లలో చాలామంది ఇటువంటి చోట తల వంచుకొని ఇంటికి పోతారు. ఆయన పోలేదు. దెబ్బకు దెబ్బ అనలేదు, సెక్షన్ చెప్పమన్నారు. మేము నేర్చుకోమంటున్నది ఆ పద్ధతినే.

ఫొటోల సంగతి ట్రాఫిక్‌కూ వర్తిస్తుంది. కెమెరాతో ఈ-చలానా వేయాలంటే దానికి 2021లో వచ్చిన 167ఎ నియమం ఉంది. ఆ సాధనానికి ఆమోద పత్రం ఉండాలి. తప్పు, తేదీ, సమయం, స్థలం స్పష్టంగా కనబడే ఆధారం జతచేయాలి. నోటీసు 15 రోజులలో అందాలి. కానిస్టేబులు సొంత సెల్‌ఫోనుతో చెట్టు చాటు నుండి తీసిన ఫొటో ఈ పరీక్షలకు నిలుస్తుందా? ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మసీదు వీధిలో నమాజు సాగుతున్నంతసేపు వరుసగా బండ్ల నంబర్లను ఫొటోలు తీసుకుపోయే ఊళ్లున్నాయి. ఆ బండ్లు దారికి అడ్డమైతే తీయించండి, మేమే ముందు నిలబడతాము. కానీ ఇతర ఉత్సవాలకు తాత్కాలిక పార్కింగు చూపించే అధికారానికి, శుక్రవారం ఒక్క గంటకు చోటు చూపాలన్న సంగతి ఎందుకు తోచదు?

తోచదని కాదు, తలచుకుంటే తోస్తుంది. దానికి సాక్ష్యం మన పక్కనే ఉంది. నెల్లూరు బారాషహీద్ దర్గా వద్ద ముహర్రం మాసంలో జరిగే రొట్టెల పండుగకు లక్షలాదిగా, అన్ని మతాలవారూ వస్తారు. స్వర్ణాల చెరువు చుట్టూ ఆ జనాన్ని నడిపించేది ఇదే పోలీసు శాఖ. వాహనాలు ఎక్కడ నిలపాలో, ఏ దారిన రావాలో, ఏ దారిన పోవాలో ముందుగానే ప్రకటిస్తారు. శ్రీహరికోట దారిలో ప్రయోగం రోజున జరిగేదీ అదే. మనిషిని అనుమానితుడిగా కాక ప్రయాణికుడిగా చూసినప్పుడు పోలీసు పని ఎంత చక్కగా ఉంటుందో ఈ రెండు చోట్లా చూడవచ్చు.

శ్రీహరికోట పేరెత్తగానే డాక్టర్ అబ్దుల్ కలాం పేరు తలచుకోవడం మనకు ఆనవాయితీ. 1979 ఆగస్టులో విఫలమై, 1980 జూలై 18న విజయవంతమైన ఎస్‌ఎల్‌వీ-3కి ప్రాజెక్టు డైరెక్టరు ఆయనే. ఆ గర్వం మాకూ ఉంది. కానీ ఆ పేరును చెక్‌పోస్టు దగ్గర పాసులా చూపించే అలవాటు మాకు నచ్చదు. రాకెట్టు చేసిన ముస్లింకు మర్యాద, రాకెట్టు చూడటానికి వచ్చిన పంక్చర్ షాపు ముస్లింకు ఏకవచనం అన్న లెక్కను మేము ఒప్పుకోము. రాజ్యాంగం 14, 21 అధికరణాలు ఎవరి ప్రతిభా పత్రాన్నీ అడగవు.

ఈ దీవిలో మనకంటె ముందు ఈ పాఠం చదువుకున్నవారున్నారు. రాకెట్టు కేంద్రం రాకముందు శ్రీహరికోట అడవిలో బ్రతికిన యానాదులు. బ్రిటిషువాడి నేరస్థ తెగల చట్టం కింద వారిలో కొన్ని సమూహాలను పుట్టుకతోనే దొంగలుగా రాసిపెట్టారు. 1952లో ఆ చట్టం రద్దయింది. చూడగానే అనుమానించే చూపును రద్దు చేసే చట్టం ఇంకా రాలేదు.

పోలీసులకూ ఒక పక్షముంది. మండుటెండలో పది గంటలు నిలబడే కానిస్టేబులుకు నీడ లేదు, మరుగుదొడ్డి లేదు. పైనుండి రోజుకు ఇన్ని చలానాలు అన్న ఒత్తిడి ఉంటుందని వారే చాటుగా చెప్పుకుంటారు. పలుకుబడి ఉన్నవాడి కారును ఆపితే ఫోను మోగుతుంది, ఆటోను ఆపితే మోగదు. ఆ కోపం ఆటో మీదకు మళ్లుతుంది. ఇది కారణమే, సమర్థన కాదు. సచార్ కమిటీ 2006లో కానిస్టేబుళ్లలో ముస్లింల వాటా 6 శాతమని చెప్పింది. అప్పటి జనాభాలో మన వాటా 13 శాతం పైనే. రోడ్డు మీద నిలబడే దళంలో మనవారు ఉంటే అన్నీ సరిపోతాయని అనము. కానీ ఏ ముఖాన్ని చూసి అనుమానించాలన్న అలవాటు స్టేషను గదిలోనే ప్రశ్నకు గురవుతుంది.

మనవైపు తప్పులేదా? ఉంది. పదిహేనేళ్ల కుర్రాడికి బండి ఇచ్చి, పట్టుబడితే మతం పేరు చెప్పే తండ్రులున్నారు. 2019 తరువాత సెక్షన్ 199ఎ కింద శిక్ష పడేది ఆ తండ్రికే. మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా, ఏడాది పాటు రిజిస్ట్రేషన్ రద్దు. హెల్మెట్ మినహాయింపు తలపాగా ధరించిన సిక్కులకే ఉంది. మన టోపీ హెల్మెట్ కాదు, తలను అది కాపాడదు. సరైన కాగితాలున్నవాడి నోటి నుండి వచ్చే ప్రశ్నకే బలం. అడిగే పోలీసుకూ ఇదే నియమం. చట్టాన్ని అమలు చేయవలసినవాడే ఈ చట్టం కింద నేరం చేస్తే జరిమానా రెట్టింపు అని సెక్షన్ 210బి అంటుంది. హెల్మెట్ లేకుండా మోటారుసైకిలు మీద పోయే ఖాకీని చూసినప్పుడు ఈ సెక్షన్ గుర్తుకు తెచ్చుకోవచ్చు.

అధికారులు వినదలచుకుంటే మేము అడిగేది కొత్త చట్టం కాదు. తనిఖీ చేసే ప్రతి అధికారి ఛాతీ మీద పేరు చదవగలిగేలా ఉండాలి. అరెస్టు చేసే పోలీసు విషయంలో సుప్రీంకోర్టు 1996లోనే డి.కె. బసు కేసులో ఆ మాట చెప్పింది, ఇప్పుడు అది నాగరిక సురక్షా సంహితలోకీ ఎక్కింది. రోడ్డు మీద ఆపే పోలీసుకు అది ఎందుకు బరువు కావాలి? తీసుకున్న ప్రతి పత్రానికి, ప్రతి రూపాయికి రసీదు ఇవ్వాలి. బండి నిలిపితే సెక్షన్ 207లోని ఏ కారణంతోనో రాసివ్వాలి. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు జిల్లా స్థాయిలో కూడా ఏర్పాటు చేయమన్న పోలీసు ఫిర్యాదుల సంస్థ, ఆటోవాడు ఒక పూట పని మానుకొని పోగలిగినంత దగ్గరలో ఉండాలి.

మరొక చిన్న పని ఉంది. దానికి గెజిట్ అక్కరలేదు, బడ్జెట్ అక్కరలేదు. సూళ్లూరుపేటలో జాతీయ రహదారి నుండి శ్రీహరికోట దారి చీలే చోట ఒక బోర్డు పెట్టండి. మిమ్మల్ని ఎవరు ఆపవచ్చు, ఏం అడగవచ్చు, ఏం తీసుకోకూడదు, పత్రాలకు ఎన్ని రోజుల గడువు, రుసుము ఎంత, ఫిర్యాదుకు ఏ నంబరు అని పది వాక్యాలు రాయండి. తెలుగులో రాయండి, చెన్నై నుండి వచ్చేవారికి తమిళంలో రాయండి, 2022లో ఈ రాష్ట్రం రెండవ అధికార భాషగా ప్రకటించిన ఉర్దూలోనూ రాయండి. తరువాతి ప్రయోగం నాటికి తిరుపతి జిల్లా పోలీసు యంత్రాంగం ఆ బోర్డు నిలబెడితే, దాని ఫొటోను ఈ పత్రిక మొదటి పుటలో వేస్తాము.